పద్దెనిమిది సెకన్ల రోడ్డు

గడియారాలాయనకి డెబ్భై తొమ్మిదేళ్ళు. కంటికి భూతద్దం బిగించుకుంటే చీమ తలకాయంత మరని కూడా చెయ్యి వణక్కుండా బిగిస్తాడు గాని, కుర్చీలోంచి లేవాలంటే మాత్రం రెండు చేతులూ బల్లమీద ఆనించి, ఊపిరి బిగబట్టి, లోపలి గదిలోకి వినబడేలా ఒక మూలుగు మూలిగి మరీ లేస్తాడు. ముందు గదిలో కొట్టు, వెనక మూడు గదుల్లో కాపురం. అద్దాల తలుపు తోస్తే ఎదురుగా రోడ్డు. వచ్చిన తంటా అంతా ఆ రోడ్డుతోనే కాబట్టి ముందు దాని సంగతి చెప్పుకోవాలి.

ఒకప్పుడు అది బుద్ధిగా ఉండే రోడ్డు. ఇటొక వరస, అటొక వరస బళ్ళు వెళ్ళేవి. పెద్దవాళ్ళెవరైనా చెయ్యెత్తితే ఆగేవి. పోయినేడు దాన్ని వెడల్పు చేస్తామన్నారు, చేశారు. ఇప్పుడు ఇటు మూడు వరసలు, అటు మూడు వరసలు, మధ్యలో సగం పాదం పట్టేంత సన్నటి గట్టు. దాటేవాళ్ళకోసం ఒక సిగ్నలు పెట్టారు. ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలిగితే నడవాలి, ఎర్ర బొమ్మ వెలిగితే ఆగాలి. ఆ ఆకుపచ్చ మనిషి వెలిగేది పద్దెనిమిది సెకన్లు. పద్దెనిమిదంటే పద్దెనిమిదే, పంతొమ్మిదో సెకను అడిగినా ఇవ్వడు. ఆ లెక్క కట్టినవాడు పాతికేళ్ళ కుర్రాడై ఉండాలి, పైగా వాడికి ఆ రోజు బస్సు తప్పిపోయే వేళై ఉండాలి. ఈ పేటలో సగం మందికి డెబ్భై దాటాయని వాడికి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు.

గడియారాలాయన భార్య ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఎక్స్ఛేంజి మూసేసి యుగాలైనా పేటలో అందరికీ ఆవిడ ఇప్పటికీ టెలిఫోనమ్మే. ఆవిడకి ఒక్కర్తే అక్క. ఎనభై నాలుగేళ్ళు. రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురు భవనంలో, రెండో అంతస్తులో కూతురి దగ్గర ఉంటుంది. గుండె బాగాలేదు, గడప దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని చెల్లెలే వెళ్ళేది. పదకొండేళ్ళు, రోజూ పొద్దున పదింటికి. ఇద్దరూ కూర్చుని కూరలు తరిగేవాళ్ళు, ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్ళు, చిన్నప్పుడు అద్దం పగలగొట్టింది నువ్వంటే నువ్వని డెబ్భై ఏళ్ళనాటి తగువు రోజూ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు. పన్నెండింటికి టెలిఫోనమ్మ మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చేది. అక్కని నాలుగు మాటలని వచ్చినరోజు మరీ వెలిగిపోయేది.

రోడ్డు వెడల్పయ్యాక మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి సగం దూరంలో ఎర్ర బొమ్మ వెలిగింది. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి, వెనక్కి రాలేదు, ముందుకి పోలేదు. ఆ సగం పాదం గట్టుమీద, ఇటొక బస్సు, అటొక బస్సు రాసుకుంటూ పోతుంటే, కొంగుచాటు పిల్లలా బిక్కచచ్చి నిలబడింది. పోతూపోతూ ఒక మోటారుసైకిలువాడు, ఇంట్లో కూర్చోక ఈ ముసలమ్మకి రోడ్డుమీద ఏం పనని కేకేసి పోయాడు. బస్సులకన్నా ఆ మాటే ఆవిడకి ఎక్కువ తగిలింది. ఇంటికొచ్చి రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. టెలిఫోనమ్మ మాట్లాడలేదంటే అదెంత సంగతో మీరే ఊహించుకోండి.

కారులో వెళ్ళొచ్చు కదా అంటారేమో. ఒకసారి అదీ అయింది. అద్దె కారు పిలిస్తే, బండి రెండు కిలోమీటర్లు ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి రావాలి. అరగంట పట్టింది. ఎదురింటికి కారేమిటి పెద్దమ్మా అని డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వుతో అదీ సరి.

అప్పటినుంచి ఏడు నెలలు. పది కాగానే టెలిఫోనమ్మ పక్కసందులోంచి రోడ్డు కనబడే కిటికీ దగ్గర కూర్చుంటుంది, అవతల అక్క బాల్కనీలో కూర్చుంటుంది, ఇద్దరూ ఫోన్లు చెవిలో పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. చూసేవాళ్ళకి తమాషాగా ఉంటుంది. గడియారాలాయనకి మాత్రం తమాషాగా ఉండేది కాదు. ఒకరోజు ఫోను పెట్టేశాక ఆవిడ కిటికీ దగ్గర్నుంచి కదలకుండా, "చచ్చేలోగా అక్క మొహం దగ్గరగా చూస్తానో లేదోనండీ" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఆయనకి. ఈ పేటలో ఆగిపోయిన ప్రతిదాన్నీ నడిపించాను గాని, ఈమెని రోడ్డు దాటించలేకపోతున్నానే అని ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాటినుంచి పనిలో పడ్డాడు. కొట్టులో పాత స్టాప్ వాచీ ఒకటుంది. పక్కవీధి డ్రిల్లు మాస్టారు బడిలో పరుగుపందేలు పెట్టే రోజుల్లో బాగుచేయమని ఇచ్చి, మరిచిపోయి, ఉద్యోగం నుంచి దిగిపోయి కూడా ఇరవై ఏళ్ళయింది. దాన్ని తీసి, అద్దాల తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు దాటే పెద్దవాళ్ళనల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కుట్టుమిషను పెద్దమ్మ, ఇరవై తొమ్మిది సెకన్లు. పోస్టుమాన్ తాత, ముప్ఫై, మధ్యలో ఆగి దణ్ణం పెట్టిన రోజు ముప్ఫై రెండు. డ్రిల్లు మాస్టారు, ఇరవై ఆరు. మూడు వారాల్లో రెండువందల పన్నెండు నడకలు. వాటిలో పద్దెనిమిది లోపు పడ్డవి పదకొండు. అవి కూడా మనవలు చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళినవి. అంతా శుభ్రంగా తిరగరాసి, కింద సంతకాలు పెట్టించి, ట్రాఫిక్ ఆఫీసుకి పంపాడు.

ఆశ్చర్యమేమిటంటే జవాబొచ్చింది. జవాబుతోపాటు మనిషే వచ్చింది. సిగ్నళ్ళ ఇంజనీరమ్మ, ముప్ఫై నిండని పిల్ల, భుజాన సంచి, నుదుటిమీద చెమట. కాగితాలన్నీ చదివానంది. కాని ఆఫీసులో చెల్లేది తను కళ్ళారా చూసి కొలిచిన లెక్కేనంది. గురువారం పదింటికి వస్తాను, మీవాళ్ళని మామూలుగా దాటమనండి అంది. ఆ "మామూలుగా" అన్న ముక్కని గడియారాలాయన చెవిన వేసుకున్నాడు గాని, బుర్రకెక్కించుకోలేదు.

ఆ సాయంత్రమే ఇంటింటికీ తిరిగాడు. ఆనందంలో ఉన్న మనిషి నోరు ఊరుకుంటుందా? గురువారం ఆఫీసువాళ్ళు వస్తున్నారు, మన నడక చూస్తారు, కొలుస్తారు, రాసుకుంటారు, అందరూ తప్పకుండా రావాలి, కాస్త మర్యాదగా తయారై రండి అని చెప్పుకొచ్చాడు. ఎందుకు కొలుస్తున్నారో కూడా చెప్పాడు. కాని వినేవాళ్ళకి వినబడింది ఒక్కటే. మన నడక చూస్తారట, మార్కులు వేస్తారట.

ఇక చూసుకోండి. బుధవారం పొద్దున్నే డ్రిల్లు మాస్టారు పార్కులో అందరినీ వరసగా నిలబెట్టి, మోకాలెత్తు, చెయ్యి ఊపు, గడ్డం పైకి అని తాలీము పెట్టాడు. మంగలికొట్లో రంగు వేయించుకునే ముసలాళ్ళు బారులు తీరారు. గురువారం పదయ్యేసరికి పేటలో ఉన్న పెద్దతరమంతా ఇస్త్రీ మడత నలగని బట్టల్లో సిగ్నలు దగ్గర నిలబడి ఉంది. ఒక్కరి చేతిలోనూ కర్ర లేదు. పన్నెండు చేతికర్రలు పన్నెండు ఇళ్ళ తలుపుల వెనక నిలబడి ఉన్నాయన్నమాట.

ఆకుపచ్చ మనిషి వెలిగాడు. డ్రిల్లు మాస్టారు ఈల వేయలేదు గాని వేసినంత పనిచేశాడు. పచ్చబొమ్మ వెలిగినప్పుడల్లా ఒక్కొక్కరే, కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు దూసుకుపోయారు. మాస్టారు పద్నాలుగు. కుట్టుమిషను పెద్దమ్మ పదిహేను, పెదవి బిగించి, ఊపిరి పీల్చకుండా. పోస్టుమాన్ తాత పదహారు, దణ్ణం లేదు, ఏమీ లేదు. ఇంజనీరమ్మ చేతిలో యంత్రం టిక్కుటిక్కుమంటోంది, ఆవిడ రాసుకుంటూనే ఉంది. గడియారాలాయన కళ్ళప్పగించి చూశాడు. ఆపాలి, ఇలా కాదని అరవాలి. కాని తన వంతు వచ్చింది. ఆ పిల్ల తనవైపు చూస్తోంది. ఆ చూపు పడగానే ఆయన వెన్ను దానంతటదే నిటారైంది, కాళ్ళు వాటంతటవే సాగాయి. పదిహేను సెకన్లలో అవతలి గట్టెక్కి, చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆయనకి చాలా గర్వంగా కూడా అనిపించింది. ఆ తరువాతి క్షణం, తనూ అందరిలాగే లెక్క చెడగొట్టానని తెలిసింది.

వెనక్కి తిరిగి చూస్తే ఇవతల టెలిఫోనమ్మ ఒక్కర్తే మిగిలింది. ఆవిడ కూడా తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ మనిషి మూడుసార్లు వెలిగి ఆరాడు. ఆవిడ కాలు కదపలేదు. మూడోసారి ఆరాక గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఈయన ఆపసోపాలు పడుతూ ఇల్లు చేరి, నీకోసం కాదా ఇదంతా అని ఒంటికాలిమీద లేస్తే, అందరూ గుర్రాల్లా పరిగెత్తాక నేనొక్కదాన్నీ అంతమంది ముందు నత్తలా పాకాలా అని ఆవిడ తలుపేసుకుంది. ఇంజనీరమ్మ పోతూపోతూ లెక్క చెప్పింది. సగటు పదిహేనున్నర. ఇంకా రెండున్నర సెకన్లు మిగులుతున్నాయని కూడా అంది, పాపం, మర్యాదగానే.

సాయంత్రానికి పేటంతా నొప్పుల మందు వాసన. మందులషాపులో ఏడింటికే ఆ సీసాలు అయిపోయాయి. పోస్టుమాన్ తాతని మంచంమీదనుంచి లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. డ్రిల్లు మాస్టారు మాత్రం పడుకునే, ఎనభై ఒకటో ఏట పద్నాలుగు సెకన్లని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ పక్కకి తిరగబోయి కెవ్వుమన్నాడు. తమ సిగ్నలుకి తామే ఉరి వేశామని అందరికీ అర్థమయ్యేసరికి అందరి కాళ్ళూ వాచి ఉన్నాయి. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడానికి కూడా లేవలేకపోయారు.

శుక్రవారం గడియారాలాయన కుంటుకుంటూ రెండు బస్సులు మారి ట్రాఫిక్ ఆఫీసుకి వెళ్ళాడు. ఇంజనీరమ్మ గది మూడో అంతస్తు. ఆయన మెట్లెక్కిన తీరు చూసి, ఆవిడే కుర్చీ తెచ్చి మెట్ల దగ్గర వేసింది. నిన్న పదిహేను సెకన్లలో దాటింది మీరేనా అని అడిగింది. ఆయన తల దించుకున్నాడు.

"అమ్మా, నిన్న మీరు చూసింది మా నడక కాదు. మా పొగరు. మీరు చూస్తున్నారని పరిగెత్తాం. ఇవాళ పేటలో సగం మంది మంచాలు దిగలేదు."

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నవ్వి, కాసేపు ఆలోచించింది. నివేదిక సోమవారం పంపాలట. రేపు శనివారం సెలవే అయినా తను వస్తానంది. అధికారిలా కాదు, గడియారం బాగుచేయించుకునే మనిషిలా వచ్చి, ఆయన కొట్టులో కూర్చుని చూస్తానంది. ఒక్కటే షరతు. తను వస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే మళ్ళీ పరుగుపందెమే. ఇంట్లో మీ ఆవిడకి కూడా చెప్పొద్దు తాతగారూ అంది.

ఆయన సరేనని లేవబోయి, కడుపులో మాట అడిగేశాడు. సెకన్లు ఎన్ని పెంచుతారమ్మా అని. రేపు తను చూసినవాళ్ళలో అందరికన్నా నెమ్మదిగా దాటిన మనిషికి సరిపడేలా పెడతానంది. అయితే రేపు దాటని వాళ్ళ సంగతేమిటన్నాడు.

"రోడ్డెక్కని మనిషికి నేను టైము కట్టలేను తాతగారూ. నా లెక్కలో వాళ్ళు ఉండరు."

ఇదిగో, అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. తక్కినవాళ్ళ నడకకి ముప్ఫై, ముప్ఫై రెండు పెడితే సరిపోతుంది. టెలిఫోనమ్మకి చాలదు. ఆవిడ దాటితేనే ఆవిడకి సరిపడా సెకన్లు వస్తాయి. ఆ సెకన్లు లేకుండా ఆవిడ దాటదు. దాటమని అడిగే కారణం చెప్పకూడదు. యాభై రెండేళ్ళ కాపురంలో పెళ్ళాం దగ్గర ఆయన దాచిన రహస్యం ఏదీ ఒక పూట కూడా నిలవలేదు. ఆ మనిషి ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ తీగమీద మోసిన మనిషి, మొగుడి మొహంలో మాట పసిగట్టలేదా? ఆ రాత్రి ఆయన భోజనం దగ్గర ఎక్కడ మొహం చూపించాల్సి వస్తుందోనని పళ్ళెంలోంచి తలెత్తకుండా తిన్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఆవిడ అడిగితే కాళ్ళ నొప్పులన్నాడు. అది నిజమే కాబట్టి బతికిపోయాడు.

శనివారం తొమ్మిదిన్నరకే ఇంజనీరమ్మ వచ్చి, చేతి గడియారం ఒకటి బల్లమీద పెట్టి, కుర్చీలో కూర్చుంది. యంత్రం ఒళ్ళో సంచి చాటున ఉంది. రోడ్డుమీద ఆ రోజు చూడవలసిన నడకలు. మంచాలు దిగగలిగినవాళ్ళు ఒక్కొక్కరే, తలుపుల వెనక కర్రలు మళ్ళీ చేతికి తీసుకుని, పాలకీ మందులకీ బయల్దేరారు. కుట్టుమిషను పెద్దమ్మ ముప్ఫై ఒకటి. పోస్టుమాన్ తాత దణ్ణంతో కలిపి ముప్ఫై మూడు. డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ముందు అటూ ఇటూ చూశాడు, తెలిసినవాళ్ళెవరూ లేరని రూఢి చేసుకున్నాడు, అప్పుడు కర్ర తీసి, ఒక కాలు ఈడుస్తూ ముప్ఫై నాలుగు సెకన్లలో దాటాడు. చివరి పదహారు సెకన్లు ఎర్ర బొమ్మలోనే. ఇంజనీరమ్మ మొహంలో నవ్వు లేదు. ఇన్నాళ్ళూ ఇలాగే దాటుతున్నారా అని మెల్లగా అడిగింది.

పదకొండయింది. పన్నెండింటికి ఆ పిల్ల వెళ్ళిపోతుంది. లోపల టెలిఫోనమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లో అక్కతో మాట్లాడుతోంది. గడియారాలాయన పట్టకారు కింద పెట్టి, మూలుగు కూడా మరిచిపోయి లేచాడు. లోపలికెళ్ళి భార్య ముందు నిలబడి, పద, మీ అక్కయ్యని చూసొద్దాం, నేనూ వస్తానన్నాడు. ఆవిడ ఫోను చెవిమీదనుంచి తీయకుండానే తల అడ్డంగా ఊపింది. నేను పక్కనుంటానుగా అన్నాడు ఆయన.

అప్పుడు ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆయనవైపు తిరిగింది.

"మీరెప్పుడు నా పక్కన నడిచారండీ? యాభై రెండేళ్ళుగా మీ వీపు చూసుకుంటూనే నడుస్తున్నాను. మోకాళ్ళు బాగున్న రోజుల్లో వెనకాలే పరిగెత్తాను. ఇప్పుడు పరిగెత్తలేను. మీతో దాటనిది సిగ్నలుకి భయపడి కాదు. సగం దూరంలో మీరు అవతలి గట్టుమీద నిలబడి, త్వరగా రా అని చెయ్యి ఊపుతారే, దానికి."

కోపంగా కూడా అనలేదు. మామూలు మాటలా అనేసింది. గడియారాలాయనకి తల కొట్టేసినట్టయింది. ఔను మరి. రైల్వే స్టేషనులో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో, తను నాలుగడుగులు ముందు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, త్వరగా రా. పేటలో రెండువందల పన్నెండు నడకలు కొలిచాడు. ఈమె నడక ఎంతో ఆయనకి తెలియదు. ఎప్పుడూ చూసింది లేదు, చూడాలంటే వెనక్కి నడవాలిగా.

అడుగు జరిగి ఆవిడ పక్కకి వచ్చాడు. తరువాత చెయ్యి చాచి అన్నాడు.

"ఈవేళ నీ నడకే నా నడక. మధ్యలో ఎర్రది వెలిగితే వెలగనీ. నువ్వు అడుగు వేస్తే నేను వేస్తా, నువ్వు ఆగితే నేను ఆగుతా."

బళ్ళవాళ్ళు తిడితేనో అంది ఆవిడ. నాకు కుడిచెవి వినబడదుగా, ఆ చెవి వాళ్ళవైపు పెడతానన్నాడు. సగం రోడ్డు దాటాక బళ్ళు రెండోవైపునుంచి వస్తాయి కదండీ అంది. అప్పుడు నువ్వు నాతో మాట్లాడుతూ ఉండు, నీ మాటల్లో ఎవడి తిట్టూ వినబడదన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. ఒళ్ళోని ఫోనులోంచి అక్క గొంతు సన్నగా, అంతా వింటున్నానే, లేచి రావే అంటోంది.

ఇద్దరూ కొట్టులోంచి బయటికొస్తుంటే ఇంజనీరమ్మ మొహం కనబడకుండా గడియారాల బీరువావైపు తిరిగి, దీక్షగా చూస్తున్నట్టు కూర్చుంది. ఆకుపచ్చ మనిషి వెలిగాడు. టెలిఫోనమ్మ ఎడమకాలు ముందుకి పెట్టింది, కుడికాలు దాని పక్కకి తెచ్చుకుంది, మళ్ళీ ఎడమకాలు. అదీ ఆవిడ నడక. గడియారాలాయన కాలు అలవాటుకొద్దీ ముందుకి సాగబోయింది. పట్టి ఆపుకున్నాడు. రెండుసార్లు ఆపుకున్నాడు, మూడోసారి ఆపుకోనక్కర్లేకపోయింది. తన మోకాళ్ళకి కూడా ఈ నడకే హాయిగా ఉందని సగంలో సగం దూరంలోనే తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరు తరుముతున్నారని పరిగెత్తానా అని ఆయనకి తన మీద తనకే జాలేసింది.

మధ్యగట్టు దగ్గరికి రెండడుగులుండగా ఎర్ర బొమ్మ వెలిగింది. టెలిఫోనమ్మ వేళ్ళు ఆయన చేతిమీద బిగుసుకున్నాయి. బళ్ళు గుర్రుమన్నాయి. ఎవడో హారను మోగించాడు, వాడిని చూసి ఇంకొకడు. గడియారాలాయన ఖాళీ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి వాళ్ళకి చూపించి, అలాగే పట్టుకున్నాడు. అందరికన్నా ముందున్న బస్సు డ్రైవరు ఇద్దరినీ చూశాడు, స్టీరింగుమీద మోచేతులు ఆనించి వెనక్కి వాలాడు. బస్సు కదలకపోతే వెనకవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? టెలిఫోనమ్మ గట్టుమీద ఆగింది. మూడుసార్లు ఊపిరి తీసుకుంది. ఆయనా ఆగి, అదే అరచెయ్యి అవతలి వరసల బళ్ళకీ చూపించాడు, అవీ ఆగాయి. త్వరగా రా అనలేదు. ఆవిడ ఆయన మొహంలోకి ఒకసారి చూసి, ఏదీ, పదండి అంది. మిగిలిన సగమూ ఆవిడ మాట్లాడుతూనే నడిచింది. ఏం మాట్లాడిందో ఇద్దరికీ గుర్తులేదు.

అవతల కాలిబాట ఎక్కి, గోడ పట్టుకుని నిలబడ్డాక, మళ్ళీ పచ్చబొమ్మ వెలిగినప్పుడు ఇంజనీరమ్మ సంచి ఊపుకుంటూ పరుగున వచ్చింది.

"నలభై ఒకటి. రాసుకున్నాను. నలభై నాలుగు పెడతాను. పైవాళ్ళ సంతకం నేను తెస్తాను, పదిహేను రోజులు ఓపిక పట్టండి."

టెలిఫోనమ్మ ఆ పిల్లనీ, ఆ యంత్రాన్నీ, మొగుణ్ణీ వరసగా చూసింది. ఎక్స్ఛేంజిలో తీగలు కలిపిన బుర్ర కదా, చప్పున కలిసిపోయింది. అంటే నన్ను కొలిచారన్నమాట అంది. ఆయన తన చెప్పుల్లోకి చూసుకున్నాడు. ముందే చెప్పి ఉంటే పడీలేచీ పరిగెత్తి ఉండేదాన్ని అని ఆవిడే అంది. అని, అందుకే చెప్పలేదన్నమాట అని కూడా ఆవిడే అనుకుంది. మొగుణ్ణి ఆ కాసేపటికి క్షమించేసి, ఇంజనీరమ్మ చెంప నిమిరి, నా పేరు మీ కాగితాల్లో రాశావా అమ్మాయ్ అని అడిగింది. పేర్లు రాయరు, నెమ్మదిగా నడిచే మనిషి అని మాత్రం రాస్తారంది ఆ పిల్ల. అదేదో బిరుదన్నట్టు టెలిఫోనమ్మ తల పంకించింది.

లిఫ్టులో రెండో అంతస్తుకి వెళ్ళారు. తలుపు బార్లా తీసి ఉంది. అక్క బాల్కనీలోంచి గుమ్మందాకా వచ్చేసి, కూతురు వద్దంటున్నా వినకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. టెలిఫోనమ్మ గుమ్మంలో ఆగింది. ఏడు నెలలుగా రోజూ చూస్తున్న మనుషులే. కాని ఆరు వరసల రోడ్డు అవతలనుంచి చూస్తే కళ్ళ కింద నలుపు కనబడుతుందా, చెంపలు లోపలికి పోయాయని కనబడుతుందా? అక్క చెల్లెలి మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, దగ్గరగా చూసింది. చాలాసేపు చూసింది.

"దూరంనుంచి బాగానే ఉండేదానివి కదే. ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావు?"

టెలిఫోనమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"ఎదురింటికి రావడానికి ఏడు నెలలు పట్టింది అక్కా. ముసలిదాన్ని కాకేం చేస్తాను?"

అక్క ముందు నవ్వింది, తరువాత ఏడ్చింది, తరువాత అద్దం పగలగొట్టింది నువ్వే అంది. చెల్లెలు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.